వ్యాఖ్యల్లో అతికించే లంకెలతో దుకాణాలకు పేరు రాదు

సంపాదకుల వారికి,

నమస్కారం. మీ పత్రిక ఉపాధి పేజీలో ఇటీవల ఇంటి పట్టున చేసుకోగల పనుల గురించి వచ్చిన వ్యాసం చదివాను. అందులోని తక్కిన సూచనలు ఉపయోగపడేవే గానీ, బ్లాగుల కింద వ్యాఖ్యలు రాసి, వాటిలో వ్యాపారుల వెబ్‌సైట్ల లంకెలు (లింకులు) చేర్చి, గూగుల్‌లో ఆ సైట్ల స్థానం పెంచే పనికి మంచి గిరాకీ ఉందన్న పేరా మాత్రం పాఠకులను తప్పుదారి పట్టించేదిగా ఉంది. ఒడిశాలోని బరంపురంలోను, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడల్లోను చిన్న దుకాణాలకు వెబ్‌సైట్లు తయారు చేసి, వాటి మంచిచెడ్డలు చూసే పనిలో ఉన్నవాడిని. ఈ లంకెల వ్యాపారం డబ్బు కట్టే దుకాణదారులకు ఏం చేస్తున్నదో, లంకెలు వచ్చిపడే తెలుగు బ్లాగులకు ఏం చేస్తున్నదో దగ్గరి నుంచి చూస్తున్నాను. విషయం కొంత సాంకేతికమైనది కనుక ఉత్తరం పొడవైంది, మన్నించగలరు.

మా ప్రాంతంలో ఈ వ్యవహారం ఎలా నడుస్తుందో ముందు చెబుతాను. పట్టుచీరల దుకాణమో, అప్పడాలు, వడియాలు, పచ్చళ్లు చేసి అమ్మే కుటుంబమో ఒక వెబ్‌సైటు పెట్టుకుంటుంది. కొన్ని వారాలు గడిచినా గూగుల్‌లో వెతికితే ఆ పేరు మొదటి పేజీలో కనిపించదు. సరిగ్గా అప్పుడే ఎవరో ఫోను చేసి, మీ సైటుకు బ్యాక్‌లింకులు, అంటే ఇతర సైట్ల నుంచి వచ్చే లంకెలు, లేవు, అందుకే పైకి రావడం లేదు, నెలకు ఇంత కడితే కొన్ని వందల బ్యాక్‌లింకులు మేమే పెట్టిస్తాం అని చెబుతారు. మొదటి మాటలో కొంత నిజం ఉంది కనుక రెండో మాట కూడా నిజంలాగే వినిపిస్తుంది. నెలాఖరున ఒక ఎక్సెల్ పట్టిక వస్తుంది. దానిలో ప్రతి వరుసలోను ఒక బ్లాగు చిరునామా, వ్యాఖ్య పెట్టిన తేదీ, పక్కన 'డొమైన్ అథారిటీ' అని ఒక అంకె ఉంటాయి. ఆ అంకె మోజ్ అనే ప్రైవేటు సంస్థ తన సొంత లెక్క ప్రకారం వేసే అంచనా మాత్రమేనని, గూగుల్ తన ఫలితాల వరుసను నిర్ణయించడానికి దాన్ని వాడదని దుకాణదారుకు ఎవరూ చెప్పరు. పట్టికలోని చిరునామాలను ఒక్కొక్కటిగా తెరిచి చూసే తీరిక కూడా ఆయనకు ఉండదు. తెరిచి చూస్తే కనబడేది ఇది: భాగవత పద్యానికి ఎవరో ఓపికగా రాసుకున్న వివరణ కింద, మోకాళ్ల నొప్పుల మీద ఒక వైద్యుడు రాసిన టపా (బ్లాగు వ్యాసం) కింద, శ్రీకాకుళం కథకుల గురించిన వ్యాసం కింద, "చాలా మంచి సమాచారం అందించారు, ఇలాంటివి మరిన్ని రాయగలరు" అన్న ఒకే వాక్యం, దాని చివర చీరల దుకాణం లంకె. నేను చూసిన ఒక పట్టికలోనైతే ఒకే టపా కింద ఒకే దుకాణం లంకెను వేర్వేరు పేర్లతో పెట్టి, వేర్వేరు బ్యాక్‌లింకులుగా లెక్కగట్టారు.

లంకెకు మొదట విలువ ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే, ఈ లంకెలకు అది ఎందుకు లేదో అర్థమవుతుంది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థులుగా ఉన్న లారీ పేజ్, సెర్గీ బ్రిన్ 1998లో ప్రకటించిన పేజ్‌ర్యాంక్ పద్ధతి ఒక పేజీలో ఏముందో చూడడంతో ఆగదు. ఆ పేజీకి ఇతరులు ఎవరెవరు లంకె ఇచ్చారో కూడా చూస్తుంది. పెళ్లి సంబంధం ఖాయం చేసుకునే ముందు ఆ ఊళ్లో నలుగురినీ వాకబు చేసి, చెప్పేవారి పెద్దరికాన్ని బట్టి వారి మాటకు విలువ కట్టినట్టే, ఇక్కడ కూడా లంకె ఇచ్చే పేజీకి ఉన్న విలువను బట్టి ఆ లంకెకు బరువు వస్తుంది. అంతేకాదు, ఒక పేజీ తనకున్న విలువను తానిచ్చే లంకెలన్నిటికీ పంచుతుంది. అందువల్ల ఐదు లంకెలున్న పేజీ నుంచి వచ్చే వాటాకు, ఐదు వందల లంకెలు కుప్పపోసిన పేజీ నుంచి వచ్చే వాటాకు పోలిక లేదు. వ్యాఖ్యల్లో లంకెలు అమ్మేవారు అందరికీ అవే బ్లాగులను అమ్ముతారు. అంటే, ఆ లంకెలకు విలువ ఉందనుకున్నా, కొనేవారు పెరిగిన కొద్దీ ఒక్కొక్కరి వాటా సున్నాకు దగ్గర పడుతుంది.

నిజానికి ఆ వాటా కూడా లేదు. వ్యాఖ్యల పెట్టె ఎవరైనా వచ్చి రాయడానికి తెరిచి ఉంచిన చోటు కనుక, లంకెకు విలువ ఉందని తెలిసిన మరుక్షణం నుంచి దాన్ని దుర్వినియోగం చేయడం మొదలైంది. దానికి అడ్డుకట్టగా 2005 జనవరిలో గూగుల్, యాహూ, ఎంఎస్‌ఎన్ సంస్థలు నోఫాలో అనే గుర్తును ఒప్పుకొన్నాయి. ఆ గుర్తున్న లంకెను పాఠకుడు నొక్కితే మామూలుగానే తెరుచుకుంటుంది గానీ, ర్యాంకు లెక్కలో దాన్ని సిఫారసుగా తీసుకోరు. బ్లాగులు నడుపుకోవడానికి వాడే బ్లాగర్, వర్డ్‌ప్రెస్ వేదికలు రెండూ తమ వ్యాఖ్యల్లోని లంకెలకు ఆ గుర్తును వాటంతట అవే తగిలించడం అప్పుడే మొదలుపెట్టాయి. మన తెలుగు బ్లాగుల్లో అత్యధికం ఈ రెండింటి మీదే ఉన్నాయి. తెలుగులో బ్లాగులు పుంజుకున్నదే 2005 తర్వాత కనుక, తెలుగు బ్లాగుల వ్యాఖ్యల్లో ర్యాంకు సంపాదించే దారి అవి పుట్టేనాటికే మూసి ఉందని చెప్పాలి. లేని సరుకును ఇన్నేళ్లుగా నెలవారీ చందా మీద అమ్ముతున్నారు.

దీన్ని ఎవరి మాట మీదా నమ్మనక్కరలేదు. దుకాణదారు తనకు పంపిన పట్టికలో ఏదో ఒక చిరునామాను కంప్యూటరులో తెరిచి, మౌసు కుడి మీట నొక్కి పేజీ సోర్సు (ఆ పేజీ వెనకనున్న కోడు) చూసి, తన సైటు పేరును అందులో వెతికితే చాలు. ఆ లంకె పక్కన నోఫాలో అన్న మాట ఉంటే, కట్టిన డబ్బు దేనికి పోయిందో అక్కడికక్కడే తెలుస్తుంది. వికీపీడియా వ్యాసాల్లో లంకె పెట్టిస్తామనే వారి సంగతీ ఇంతే. ఆంగ్ల వికీపీడియా 2007 జనవరి నుంచి బయటి లంకెలన్నిటికీ ఇదే గుర్తు వాడుతోంది, తెలుగు వికీపీడియాలోనూ అదే అమలులో ఉంది. పైగా అక్కడ ఇలాంటి లంకెలను గమనించి తొలగించే వాడుకరులు ఉన్నారు.

ఇటీవల ఈ లంకెలు అమ్మే ఏజెంట్లు ఒక కొత్త వాదన తెస్తున్నారు. 2019 సెప్టెంబరులో గూగుల్ తన విధానం మార్చి, నోఫాలోను ఇకపై ఆజ్ఞగా కాక సూచనగా మాత్రమే పరిగణిస్తామని ప్రకటించింది కనుక, వ్యాఖ్యల్లోని లంకెలకు మళ్లీ విలువ వచ్చిందని వారు చెబుతున్నారు. ప్రకటన నిజమే. అయితే అదే ప్రకటనలో గూగుల్ మరి రెండు గుర్తులను కూడా ప్రవేశపెట్టింది. ఒకటి డబ్బు తీసుకుని ఇచ్చిన లంకె అని తెలపడానికి, రెండోది సైటు యజమాని కాక పాఠకులు రాసిన లంకె అని తెలపడానికి. వర్డ్‌ప్రెస్ ఇప్పుడు వ్యాఖ్యల్లోని లంకెలకు నోఫాలోతో పాటు ఈ రెండో గుర్తును కూడా కలిపి వేస్తోంది. ఏ లంకె ఎవరు పెట్టినదో గూగుల్‌కు ఇంత స్పష్టంగా తెలిసేలా ఏర్పాటు జరిగితే, దాన్నే తలుపు తెరుచుకున్నదానికి రుజువుగా చూపించడం న్యాయం కాదు.

ఇక హాని సంగతి. 2012 ఏప్రిల్‌లో గూగుల్ పెంగ్విన్ పేరుతో తెచ్చిన మార్పు, కొనుక్కున్న లంకెల మీద, కుప్పలుగా పోసిన లంకెల మీద ఆధారపడిన సైట్లను కిందికి నెట్టింది. అప్పుడు చాలామంది యజమానులు తాము డబ్బిచ్చి పెట్టించుకున్న లంకెలనే తొలగించమని బ్లాగర్లను బతిమాలుకోవలసి వచ్చింది. తమ సైటుకు వచ్చే చెడ్డ లంకెలను లెక్కలోకి తీసుకోవద్దని చెప్పుకునే ఉపకరణాన్ని అదే ఏడాది అక్టోబరులో గూగుల్ ఇచ్చింది. 2016 సెప్టెంబరు తర్వాత పద్ధతి కొంత మెత్తబడి, ఇలాంటి లంకెలను చూసి సైటును శిక్షించడం కంటే ఆ లంకెలను పట్టించుకోకుండా వదిలేయడం వైపు మొగ్గింది. కనుక ఈ రోజు వ్యాఖ్యల ప్యాకేజీ కొన్న దుకాణం సైటు మాయమైపోతుందని నేను భయపెట్టబోవడం లేదు. జరిగేది ఎక్కువగా ఏమీ జరగకపోవడమే. కానీ ఇలాంటి లంకెలు గూగుల్ స్పాము నియమాలకు విరుద్ధమైనవిగా ఈనాటికీ ఉన్నాయి. హద్దు మీరితే గూగుల్ సిబ్బంది స్వయంగా చూసి చర్య తీసుకునే అవకాశమూ ఉంది. ఆ నోటీసు వచ్చేది సైటు యజమానికే గానీ, ప్యాకేజీ అమ్మిన వ్యక్తికి కాదు.

దుకాణదారుల నష్టం డబ్బుతో పోయేది. బ్లాగులకు జరిగిన నష్టం మాత్రం అలా పూడేది కాదు. మా బరంపురంలో రెండేళ్లకొకసారి జరిగే బుఢీ ఠాకురాణి యాత్ర గురించి, దాన్ని నడిపించే దేరా నేతపనివారి దేశిబెహెరా (కులపెద్ద) గురించి, వీధుల్లో కట్టే వేషాల గురించి ఒక పెద్దాయన కొన్నేళ్ల కిందట తన బ్లాగులో తెలుగులో రాశారు. ఆ టపా కన్నా దాని కింద చేరిన వ్యాఖ్యలే నాకు ఎక్కువ విలువైనవిగా తోచాయి. విశాఖలోను, హైదరాబాదులోను, ఇంకా దూరాన స్థిరపడిన బరంపురం తెలుగువారు వచ్చి, ఏ వీధిలో ఏ వేషం కట్టేవారో, తమ తాతల కాలంలో మొక్కులు ఎలా చెల్లించేవారో, ఇళ్లలో తెలుగు, వీధిలో ఒడియా ఎలా కలిసి నడిచేవో రాశారు. ఒకరు పొరపాటు చెబితే మరొకరు దిద్దారు. సరిహద్దు జిల్లాల తెలుగువారి జీవితం గురించి పుస్తకాల్లో దొరికేది తక్కువ. ఒడిశా చరిత్రలో మేము ఒక పక్కన ఉంటాం, ఆంధ్ర చరిత్రలో మరో పక్కన ఉంటాం. అటువంటప్పుడు ఆ వ్యాఖ్యల వరుస ఒక చిన్న చరిత్ర గ్రంథంతో సమానం.

తెలుగు బ్లాగుల్లోని కొత్త టపాలను ఒకచోట చూపే కూడలి, హారం వంటి సంకలినులు నడిచిన రోజుల్లో ఇలాంటి టపా పడగానే తెలుగు చదువరుల కంట పడేది, మాటకు మాట పెరిగేది. అవి మూతపడ్డాక చదువరుల రాక తగ్గింది, లంకెల రాక మాత్రం తగ్గలేదు. పర్సనల్ లోన్లు, హాస్టళ్లు, టూర్ ప్యాకేజీలు, చివరికి మా ఊరి దుకాణాల లంకెలే ఆ యాత్ర టపా కిందికి వచ్చి చేరాయి. ఆ పెద్దాయన మొదట ప్రతి వ్యాఖ్యనూ తాను చూసి అనుమతించే ఏర్పాటు పెట్టుకున్నారు. పొగడ్త రూపంలో వచ్చే స్పామును, నిజంగా మెచ్చుకున్న పాఠకుడి మాటను విడదీయడం కష్టమని, రోజూ వాటిని ఏరుతూ కూర్చునే ఓపిక ఈ వయసులో లేదని చెప్పి, కొంతకాలానికి వ్యాఖ్యల పెట్టెనే మూసేశారు. ఇప్పుడు ఎవరికైనా ఏదైనా జ్ఞాపకం వచ్చినా చెప్పడానికి చోటు లేదు. అకిస్మెట్ వంటి స్పాము వడపోతలు 2005 నుంచే ఉన్నాయి, వర్డ్‌ప్రెస్ వాడేవారికి అవి చాలావరకు ఉపయోగపడుతున్నాయి కూడా. కానీ మనిషే కూర్చుని తెలుగులో టైపు చేసిన పొగడ్తను ఏ వడపోత అయినా ఎంతవరకు పట్టగలదు?

ఆ టైపు చేసేవారు ఎవరన్నదే నన్ను అన్నిటికన్నా బాధపెడుతున్న సంగతి. మా జిల్లాల్లో పిల్లలు ఒడియాలోనో ఇంగ్లీషులోనో చదువుకుంటున్నారు. ఇంట్లో తెలుగు మాట్లాడినా, తప్పుల్లేకుండా తెలుగు రాయగలిగిన వారు ఏటికేడు తగ్గిపోతున్నారు. అలా రాయగలిగిన కొద్దిమందికి ఆ విద్య వల్ల దొరుకుతున్న పని, ఒక్కో వ్యాఖ్యకు కొన్ని పైసలో, ఒకటి రెండు రూపాయలో తీసుకుని, చదవని టపాను చదివినట్టు మెచ్చుకోవడం! మీ వ్యాసం దాన్ని స్వయం ఉపాధి అన్నది. అదే పిల్లవాడు ఒక నేతగాడి ఇంటికి వెళ్లి, మగ్గం దగ్గర కూర్చుని, చూసినది చూసినట్టు తెలుగులో నాలుగు పేజీలు రాసి ఆ దుకాణం సైటులో పెడితే, ఆ దుకాణానికి జరిగే మేలు వ్యాఖ్యల ప్యాకేజీలన్నీ కలిపినా జరగదు. ఈ మాట నా పని అనుభవంతో చెబుతున్నాను.

ఒక ఉదాహరణ ఇస్తాను. మా ఊరి పేరుకు ఒక చిక్కు ఉంది. పశ్చిమ బెంగాల్ ముర్షిదాబాద్ జిల్లాలో బహరంపూర్ అనే మరో పట్టణం ఉంది. ఇంగ్లీషులో రెండు పేర్లూ ఇంచుమించు ఒకేలా రాస్తారు. ముర్షిదాబాద్ కూడా పట్టుకు పేరుపడ్డ జిల్లాయే. ఇక మా ఊరి పేరును తెలుగువారు బరంపురం అంటారు, ఒడియావారు బ్రహ్మపుర్ అంటారు. పట్టుచీర కోసం వెతికే మనిషి వీటిలో ఏ పేరు టైపు చేస్తాడో చెప్పలేం. చాలా దుకాణాల సైట్లలో ఊరి పేరు ఒకే రూపంలో, అదీ బొమ్మలో అక్షరాలుగా మాత్రమే ఉంటుంది. గంజాం జిల్లా, ఒడిశా అన్న మాటలు ఎక్కడా ఉండవు. బరంపురం పట్టా (ఇక్కడి పట్టుచీర) అంటే ఏమిటో, ఫోడా కుంభ అంచు ఎలా ఉంటుందో, ఆడవారి చీరతో పాటు మగవారు కట్టే జోడును కూడా ఇక్కడే నేస్తారన్నది, దీనికి భౌగోళిక గుర్తింపు ఉందన్నది ఒక్క వాక్యంలోనైనా రాసి ఉండదు. ఇవన్నీ తెలుగులో, ఒడియాలో, ఇంగ్లీషులో రాసిన పేజీ ఉన్న దుకాణాన్ని వెతికేవారు తేలిగ్గా చేరుకుంటారు. చేనేత గురించి రాసేవారు తమంతట తామే దానికి లంకె ఇస్తారు. అదీ అసలైన బ్యాక్‌లింకు. పర్లాకిమిడి కొమ్ము బొమ్మల పనివారికీ ఇదే వర్తిస్తుంది. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌లో చిరునామా, తెరిచి ఉంచే వేళలు, ఫోటోలు సరిగ్గా పెట్టుకోవడానికి రూపాయి ఖర్చు లేదు. ఏ మాటలు వెతికినవారు తమ సైటుకు వస్తున్నారో సెర్చ్ కన్సోల్ అనే మరో ఉపకరణం ఉచితంగానే చూపిస్తుంది. ప్యాకేజీ అమ్మినవారు ఈ రెండింటి పేర్లనూ దుకాణదారు దగ్గర ఎత్తరు.

వ్యాఖ్యల్లో లంకె పెట్టడమే తప్పని నా అభిప్రాయం కాదని కూడా చెప్పాలి. బరంపురం పట్టా గురించి ఎవరో రాసిన టపాలో అంచు పేరు తప్పుగా ఉంటే, ఆ పని తెలిసిన నేతగాడి కొడుకు వచ్చి దిద్ది, తన పేరు పక్కన తన దుకాణం చిరునామా ఇచ్చుకోవడం పూర్తిగా న్యాయమైన పని. చాలా బ్లాగుల్లో పేరు పక్కన వెబ్‌సైటు గడి ఉంచేది అందుకే. ఆ లంకె వల్ల ర్యాంకు పెరగకపోవచ్చు గానీ, ఆ మాట చదివిన మనిషి ఆసక్తితో నొక్కి దుకాణం చూస్తాడు. కొనేది మనుషులే కనుక వ్యాపారానికి కావలసింది అదే.

మీ పత్రికకు మూడు విన్నపాలు. వ్యాఖ్యలు రాసే పనిని ఉపాధిగా చూపిన ఆ పేరాకు ఒక సవరణ వేయండి. 'ఇంటి నుంచే కామెంట్ పోస్టింగ్' అంటూ ముందుగా రిజిస్ట్రేషన్ రుసుము అడిగే వర్గీకృత ప్రకటనలను ప్రచురించే ముందు విచారించండి. ఇక మూడోది నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది. మీ గంజాం, గజపతి, రాయగడ విలేఖరులు మా నేతగాళ్ల గురించి, అప్పడాలు చేసే మహిళా సంఘాల గురించి అప్పుడప్పుడు మంచి వార్తలు రాస్తున్నారు. వాటిలో ఆ సంఘం పేరు, ఊరు ఉంటాయి గానీ, మీ వెబ్‌సైటులో వచ్చే ప్రతిలో ఆ సంఘం సైటుకు లంకె ఉండదు. వార్త వారి గురించే అయినప్పుడు, విలేఖరి స్వయంగా వెళ్లి చూసి రాసినప్పుడు, ఆ పేరుకు లంకె ఇవ్వడం పాఠకుడికి సౌకర్యం, వారికి న్యాయంగా దక్కవలసిన గుర్తింపు. డబ్బు తీసుకుని వేసే కథనాలకు మాత్రం చెల్లింపు లంకె అన్న గుర్తును తప్పకుండా తగిలించండి, లేకపోతే రెండింటికీ తేడా పోతుంది. జిల్లా పేజీల బాధ్యత చూసే మీ సిబ్బందికి ఈ లంకెలు ఎలా ఇవ్వాలో, గుర్తులు ఎలా వేయాలో చూపించవలసి వస్తే, బరంపురంలోని మీ కార్యాలయానికి వచ్చి చూపించడానికి నేను సిద్ధంగా ఉన్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా